పరుపుతో కలిపి

నవంబర్ 18, సోమవారం

నిన్న మధ్యాహ్నం మంచం మూత హాసిని చేతి మీద పడింది. కుడిచెయ్యి. చూపుడువేలు విరిగింది, మధ్యవేలు చితికింది. నాలుగు వారాలు కట్టు విప్పొద్దన్నారు దవాఖానలో.

ఆ పిల్ల మా ఇంటికి కోడలిగా వచ్చి ఏడాదిన్నర. నాంపల్లిలో ఒక వకీలు దగ్గర టైపు చేస్తుంది. జనవరిలో షార్ట్‌హ్యాండ్ పరీక్ష ఉంది. ఆ వేళ్ల మీదే దాని బతుకంతా.

చలి మొదలైంది కదా, మంచం కింది పెట్టెలో ఉన్న రగ్గులు తీద్దామని మూత ఎత్తింది. మూత నిలబడింది. లోపలికి వంగి రగ్గు అందుకునేలోపు దిగిపోయింది. నేను ముందు గదిలో పేపరు చూస్తున్నాను. దబ్బుమని చప్పుడు, వెనకే 'అమ్మా' అని ఒకటే కేక. అఖిలేష్ నాకంటే ముందు ఉరికి మూత ఎత్తాడు. మా అబ్బాయి ముఖం అంత తెల్లబడటం నేనెప్పుడూ చూడలేదు.

మూతను లేపి పట్టేవి రెండు గ్యాస్ పంపులు, చెరో పక్క ఒకటి. పాతవి నీరసపడ్డాయని రెండు నెలల కిందే మార్చాను. నాంపల్లి స్టేషన్ రోడ్డులో దుర్గేష్ దుకాణంలో కొన్నాను. ఎనిమిది వందల న్యూటన్లని ఒక్కోదాని మీద అచ్చు వేసి ఉంది. అంటే ఎనభై కిలోల పైచిలుకు నెట్టాలి. మూత బిజాగిరికి దగ్గరగా బిగిస్తారు కాబట్టి అంత బలం కావాలి మరి. మూత పలకను నేనే విప్పించి, మా దుకాణానికి తీసుకుపోయి తూచాను. ముప్పై రెండు కిలోలు. కూర్చుని లెక్కవేసి మరీ ఎనిమిది వందలవి తెచ్చాను.

ఆబిడ్స్‌లో నలభై రెండేళ్లుగా కాంటాలు అమ్ముతూ, బాగుచేస్తూ బతికినవాణ్ణి. బరువు సంగతి నాకు ఒకరు చెప్పాలా? లెక్కలో తప్పు లేదు. కాబట్టి పంపులే నకిలీవి. దుర్గేష్ నన్ను మోసం చేశాడు.

పెన్ను నొక్కి రాస్తే కాగితం చిరిగింది. కోపంతోనే.

నవంబర్ 19, మంగళవారం

మా దగ్గర కాంటాలు కొన్నవాళ్లదీ, బాగుచేయించుకునేవాళ్లదీ ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. నూట అరవై మంది దుకాణదారులు. మేకులమ్మేవాళ్ల నుంచి మిఠాయి కొట్లవాళ్ల దాకా. ఎప్పుడు సర్వీసింగ్ చేయించుకోవాలో గుర్తు చేయడానికి తప్ప నేను అందులో నోరు విప్పను.

ఈ రోజు విప్పాను, గొంతు రికార్డు చేసి పంపాను. "నేను, వామన్‌రావును మాట్లాడుతున్న. నాంపల్లిల దుర్గేష్ దగ్గర మంచం పంపులు ఎవ్వరు కొనకున్రి. ఎనిమిది వందలని రాసి ఉంటది గని అందుల సగం బలం లేదు. నేను తూచి చెప్తున్న. మా కోడలు వేలు ఇరిగింది."

తూచి అన్నాను. తూచలేదనుకో. తూచాల్సిన అవసరమేముంది, విరిగిన వేలే చెప్తోంది కదా.

పావుగంటలో ఇరవై మంది జవాబిచ్చారు. 'మీరు చెప్పిన్రంటే ఇంక మాట లేదు సాబ్' అన్నారు. అన్నం సహించింది ఈ పూట.

నవంబర్ 20

దుర్గేష్ ఫోన్. పదకొండుసార్లు. ఎత్తలేదు.

నవంబర్ 22, శుక్రవారం

పంపులు విప్పేశాం. మంచం మూత ఇప్పుడు ఉత్త పలక, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. మళ్లీ పడుతుందేమోనని ఎవరూ ఎత్తడం లేదు, రగ్గులన్నీ లోపలే. విద్యావతి చీర కప్పుకుని పడుకుంటూ ఏమీ అనడం లేదు. ఏమీ అనకపోవడం మా ఆవిడకు మాటల కంటే బాగా వచ్చిన విద్య.

కొత్త పంపుల కోసం నాంపల్లి పోయాను. దుర్గేష్ దుకాణం ముందు నుంచి కాకుండా అవతలి గల్లీలోంచి తిరిగి. అతనికి భయపడి కాదు, అక్కడ బండ్ల రద్దీ ఎక్కువ.

ఒక దుకాణాయన డబ్బాలు సర్దుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగాడు. "పరుపుతోనా సార్, పరుపు తీసా?"

"ఏంది?" అన్నాను.

"మూత ఎత్తేటప్పుడు పరుపు మీద ఉంటదా, తీసి ఎత్తుతరా?"

ఇంకో నాడు వస్తానని చెప్పి బయటపడ్డాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంత గాభరా ఎందుకు పడ్డానో నాకే తెలియలేదు. ఎండ కూడా ఎక్కువగానే ఉంది.

నవంబర్ 23, శనివారం

ఆబిడ్స్‌లోనే చూశాను ఈసారి. గల్లా మీద నాగరత్నం అని యాభై ఏళ్లావిడ. భర్త పోయాక దుకాణం ఒక్కతే నడుపుతోంది. మా కాంటానే వాడుతుంది కాబట్టి మర్యాదగా కుర్చీ వేసింది. వేసి, తనూ పరుపు సంగతే అడిగింది.

"పరుపు దూదిదా సార్, స్పంజిదా? ఎంత బరువుంటది?"

బరువెంతో తెలియదని చెప్పడం ఈ జన్మలో నా నోట రాలేదు. ఈ రోజూ రాలేదు. "పదిహేను వందలవి ఇయ్యమ్మా. అన్నిటికంటే పెద్దవి," అన్నాను.

"గట్ల పెద్దది పెడితే భద్రమనుకోకున్రి. బలం ఎక్కువైతే మూత పడదు. మీకు తెల్వని తూకమా సార్!"

ఆ చివరి మాట ఎగతాళి కాదు. గౌరవంగానే అన్నది. దారంతా అదే గుర్తొచ్చింది.

నవంబర్ 24, ఆదివారం

పదిహేను వందలవి బిగించాం, నేనూ అఖిలేష్. పరుపు చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. మూత దించుతాం, చెయ్యి తీస్తాం, మెల్లగా లేస్తుంది. అఖిలేష్ ఎక్కి కూర్చున్నాడు. మూసుకుంది. దిగాడు, వాడితో పాటే లేచింది. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ అంతే.

"నన్ను గీడనే కాపలా పెడతవా ఏంది నాన్నా?" అన్నాడు.

హాసిని నవ్వింది. వారం రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వడం. విద్యావతి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది.

"మామయ్యా, పరుపు మీద పరిస్తే ఆ బరువుకు మూత కిందికుంటదేమో," అన్నది హాసిని. "పరుపు ఎంత బరువుందో చూసిన్రా?"

అంతే. నాకు ఏం పూనిందో. "మన ఇంట్ల పరుపు పరిచి పెట్టుడు లేదు! ఆ రోజు నువ్వు పరుపు చుట్టి పక్కన పెట్టి ఎత్తింటే గిదంతా అయ్యేదా? జర బద్ధకం తగ్గించుకుంటే వేలు దక్కేది," అన్నాను.

హాసిని కట్టు ఉన్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని లోపలికి పోయింది. తలుపు విసురుగా వేసి ఉంటే బాగుండు. మెల్లగా చేరవేసింది.

విద్యావతి అప్పుడు నోరు విప్పింది. "పరుపు తీసే ఎత్తాలని ఆ పిల్లకు ఎవరు చెప్పిన్రు? మీరు చెప్పిన్రా? నేను చెప్పిన్నా?"

మా అమ్మ ఉన్నన్నాళ్లు తెల్లారేసరికి ఇంట్లో పరుపులన్నీ చుట్టేయాల్సిందే. పట్టపగలు పక్క పరిచి ఉంటే ఇంట్లో రోగిష్టి ఉన్నట్టని తిట్టేది. విద్యావతి కూడా అదే అలవాటు చేసుకుంది. ఆ మంచం మూత అన్నేళ్లూ ఉత్త పలకగానే లేచింది. హాసిని ఆఫీసు రోజుల్లో కూడా చుట్టే పోతుంది పాపం. ఆ ఆదివారం చుట్టలేదు. అంతే జరిగింది.

అంటే తప్పు ఆ పిల్లదే కదా. నేనన్నదాంట్లో అబద్ధమేముంది?

పదిహేను వందలవి విప్పేశాను.

నవంబర్ 26, మంగళవారం

దుర్గేష్ పంపులు తూచాను.

అంజన్‌ను పిలిచాను. ఇరవై ఏళ్ల నుంచి నా దగ్గర మెకానిక్. పెద్ద కాంటా మీద చెక్కముక్క పెట్టి, దాని మీద పంపును నిలబెట్టి, పై నుంచి అడ్డపట్టీతో ఇద్దరం ఒత్తాం. కడ్డీ లోపలికి దిగడం మొదలైనప్పుడు ఎంత చూపిస్తుందో అదే దాని బలం. ఇంత చిన్న పని. మొదటి రోజే చేసి ఉండొచ్చు.

మొదటిది ఎనభై ఒకటిన్నర. రెండోది ఎనభై రెండు.

"సరిగ్గనే ఉన్నయి సాబ్," అన్నాడు అంజన్.

"కాంటా వేడెక్కినట్టుంది," అన్నాను.

అంజన్ కాంటా మీద చెయ్యి వేసి చూశాడు. నన్నూ చూశాడు. పోయి తన పని చేసుకున్నాడు.

నవంబర్ 27

దొంగకు తేలు కుట్టినట్టుంది.

నవంబర్ 28, గురువారం

పొద్దున రాజేందర్ ఫోన్ చేశాడు. హాస్టళ్లకు మంచాలు చేసి ఇచ్చే పెద్ద ఫర్నిచర్ ఆయన, నాంపల్లిలో. "మీరు చెప్పి మంచి పని చేసిన్రు సాబ్. దుర్గేష్ దగ్గర తెచ్చిన ముప్పై జతలు మొన్ననే వాపసు కొట్టిన," అన్నాడు. సంతోషమని చెప్పాను.

పదకొండింటికి దుర్గేష్ మా దుకాణానికే వచ్చాడు. నలభై దాటినవాడు, వారంలో పదేళ్లు మీదపడ్డట్టున్నాడు. చేతిలో పాతగుడ్డలో చుట్టిన పంపు ఒకటి. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. నా దుకాణంలోకి ఎవరూ చెప్పులు విడిచి రారు. ఇతను మొదటిరోజు నుంచీ అంతే. తూకం ఉన్న చోటు గుడితో సమానమంటాడు.

"తిడతరేమో అనుకుంటనే వచ్చిన సార్. ఫోన్ ఎత్తుతలేరు కదా."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"లారీలకెల్లి ప్లైవుడ్ మోసిన మనిషిని నేను. మా నాయిన గట్టయ్య, నాకు సొంత దుకాణం ఉన్నదంటే ఇప్పటికి నమ్మడు. ఎనిమిదేండ్ల నుంచి మీ కాంటా మీదనే మేకులు తూస్తున్న. ఒక్కడన్న తక్కువిచ్చిండు అన్నడా సార్? ఇప్పుడు మీ మాట ఇని గిరాకి గడప తొక్కుతలేదు. కంపెనోళ్లు మా సరుకు ఇంకొకరికి ఇస్తమంటున్రు. వచ్చే నెలకు దుకాణం ఉండదు."

నేను లెడ్జరులో ఏదో వెతుకుతున్నట్టు కాగితాలు తిప్పాను.

"ఆ రోజు నేను మిమ్ముల అడిగిన సార్, పరు..."

"అదంతా వద్దు," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "తూకం తూకమే."

అతను వెంటనే ఒప్పుకున్నాడు. "నేను అనేది కూడ గదే సార్. అందరి ముంగట తూచున్రి. మీ కాంటా మీదనే. తక్కువొస్తే ఆ రోజే షెట్టర్ దించుత, మళ్ల ఈ బజార్ల ముఖం చూపెట్ట."

అంజన్ పక్కనే ఉన్నాడు. ఇద్దరు గిరాకీలూ ఉన్నారు. వద్దనడానికి దారి లేదు. ఆదివారం పది గంటలకన్నాను. దుర్గేష్ నాకు దండం పెట్టి మరీ పోయాడు.

ఎనభై ఒకటిన్నర. ఎనభై రెండు.

నవంబర్ 29, శుక్రవారం

ఇక్కడైనా రాసుకోవాలి. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.

సెప్టెంబర్‌లో, నిమజ్జనం మర్నాడు. రోడ్డంతా రంగు కాగితాలు. దుర్గేష్ ఎనిమిది వందలవి చేతిలో పట్టుకుని, ఇంకా నాకివ్వకుండా అడిగాడు. "పరుపుతోని ఎత్తుతరా సార్, పరుపు తీసి ఎత్తుతరా? పరుపుతోనైతే ఇవి ఆగవు. పన్నెండు వందలవి కావాలె." రెండుసార్లు అడిగాడు.

నేనేమన్నానో కూడా మాటమాటా గుర్తుంది. "నాకు తూకం నేర్పుతున్నవా దుర్గేష్?" అన్నాను. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వి, తప్పయింది సార్ అని పంపులు చేతిలో పెట్టాడు.

పలక తూచాను. దాని మీద రాత్రంతా మనుషులు పడుకునే పరుపు ఒకటి ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. మా ఇంట్లో పగలు పరుపు ఉండదు కాబట్టి నా లెక్కలోనూ లేదు. హాసిని మనిషి కాబట్టి ఒక రోజు అలిసిపోతుందని, ఆదివారం పూట పరుపు చుట్టబుద్ధి కాదని, అదీ లెక్కలో లేదు.

ఆ పిల్లను బద్ధకమన్నాను.

నవంబర్ 30, శనివారం

కాంటా ఒకసారి సరిచూసుకోవాలి కదా అనుకున్నాను. రేపు అంతమంది వస్తున్నారు.

మధ్యాహ్నం అంజన్‌ను భోజనానికి పంపి, షెట్టర్ సగం దించాను. పెద్ద కాంటా వెనక మూత విప్పాను. కాంటాకు బరువు నేర్పించడం అంటే ఏమీ లేదు, దాని మీద రాళ్లు పెట్టి, ఇది ఇంత అని చెప్పాలి. ఇరవై ఐదు కిలోల రాళ్లు పెట్టాను. ఇరవై అని చెప్పాను.

ఇక అది దేన్నైనా అయిదింట ఒక వంతు తగ్గించి చూపిస్తుంది. ఎనభై రెండు వస్తే అరవై అయిదున్నర.

రెండు నిమిషాల పని. నలభై రెండేళ్లలో ఎంతమంది అడిగారు ఈ రెండు నిమిషాల పని చేసిపెట్టమని. ఒక్కడికీ చేయలేదు. గెంటేశాను చాలామందిని. వాళ్లందరి ముఖాలూ ఈ రోజు వరసగా గుర్తొచ్చాయి.

ఒక్క పూటకే. సోమవారం పొద్దున మళ్లీ సరిచేస్తాను. దుర్గేష్ వయసులో చిన్నవాడు, ఇంకోచోట ఇంకో వ్యాపారం చూసుకుంటాడు. నేను అరవై ఆరేళ్ల మనిషిని. వామన్‌రావుకు తూకం తెలియదంటే నా దగ్గర ఇంకేం మిగులుతుంది?

అంజన్ తిరిగి వచ్చి కాంటా వైపు చూశాడు. స్క్రూ ఒకటి కింద పడి ఉంది. వంగి తీసి, నా బల్ల మీద పెట్టాడు.

నాకు భయంగా ఉంది.

డిసెంబర్ 1, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిహేను మంది దాకా వచ్చారు. రాజేందర్, నాగరత్నం, మేకుల దుకాణాలవాళ్లు. హాసినిని రమ్మనలేదు. అఖిలేష్ బండి మీద వచ్చింది. "ఇరిగింది నా వేలు మామయ్యా. నేను గూడ చూస్త," అన్నది. మొన్నటి మాట తర్వాత నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

రాజేందర్ అన్నాడు, "ముందుగాల రాళ్లు పెట్టి కాంటా చూపెట్టున్రి సాబ్. పద్ధతి పద్ధతే కదా."

దుర్గేష్ అడ్డం వచ్చాడు. "వామన్‌రావు సార్ కాంటాకు పరీక్షేందన్నా! గంత మాట అనకు. పంపు పెట్టున్రి."

మా మంచం నుంచి విప్పిన పంపుల్లో ఒకటి పెట్టారు. అంజన్ ఒక పక్క, దుర్గేష్ ఒక పక్క ఒత్తారు. దుర్గేష్ మెడ నరాలు ఉబ్బాయి. కడ్డీ దిగింది. ఎర్ర అంకెలు అరవై నాలుగు, అరవై అయిదు, అక్కడ నిలిచాయి. రెండోది ఒత్తారు. అరవై అయిదున్నర.

జనంలోంచి ఒక నిట్టూర్పు. 'సాబ్ ఎప్పుడన్న తప్పు చెప్తడా' అని ఎవరో అన్నారు.

దుర్గేష్ అంకెల వైపు చాలాసేపు చూశాడు. పంపును తిప్పి దాని మీది అచ్చు చదివాడు. మళ్లీ అంకెలు చూశాడు. దబాయిస్తాడనుకున్నాను, కొట్లాడతాడనుకున్నాను. దానికి సిద్ధంగా ఉన్నాను.

"నన్ను కంపెనోళ్లు మోసం జేసిన్రు సార్," అన్నాడు. "మీరన్నదే నిజం. నేనే ఉల్టా మీ మీద కోపానికొచ్చిన."

తర్వాత హాసిని దగ్గరికి పోయాడు. ఆ కట్టు వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. "తప్పయిందమ్మా. చూసుకోక అమ్మిన. నీ వేలు నా తోటే ఇరిగింది."

హాసినికి ఏం చెయ్యాలో తెలియక ఎడమ చేత్తో అతని చేతులు కిందికి దించబోయింది. "వద్దన్నా, వద్దు," అంటోంది. అతను దించడం లేదు.

నేను చూడలేకపోయాను. ఇంతకంటే ఏం రాయాలో తెలియదు. నా చేతులు వాటంతటవే పోయి ఇరవై కిలోల రాయి ఎత్తి కాంటా మీద పెట్టాయి.

పదహారు.

ఎవరికీ అర్థం కాలేదు. రెండో రాయి పెట్టాను. ముప్పై రెండు.

"ఏంది సాబ్ ఇది?" అన్నాడు రాజేందర్.

"కాంటా తప్పు. నిన్న నేనే తిప్పిన. పంపులు మంచివి. మంగళవారమే తూచిన. ఎనభై ఒకటిన్నర, ఎనభై రెండు. అంజన్ కూడ చూసిండు."

"మరి పిల్ల వేలెట్ల ఇరిగింది?"

"పరుపుతోనా, పరుపు తీసా అని దుర్గేష్ నన్ను అడిగిండు. రెండుసార్లు అడిగిండు. నేను ఇనలే. పలక తూచిన గని పరుపు తూచలే."

బయట ఆదివారం పుస్తకాల బజారు బేరాల అరుపులు వినబడుతున్నాయి. రాజేందర్ మెల్లగా అన్నాడు, "మా కార్ఖానల మీ కాంటాలు నాలుగున్నయి సాబ్." అంతే అని బయటకు నడిచాడు. ఒకరి వెనక ఒకరు వెళ్లారు. నాగరత్నం నా వైపు చూడకుండా వెళ్లింది.

దుర్గేష్ పంపులు రెండూ గుడ్డతో తుడిచాడు, ఒక్కోదాన్నీ విడిగా చుట్టాడు. ఒక మాట తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. నాకు తేలిక చేయాల్సిన పని అతనికేముంది?

గడప దగ్గర హాసిని నా పక్కన నిలబడింది. "పోయిన ఆదివారం నన్ను బద్ధకం అన్నరు మామయ్యా."

"ఔ."

"ఇంట్ల అందరి ముంగట అన్నరు."

"ఔ."

"మరి ఇంట్లకు రాన్రి."

పోయాను. విద్యావతి ముందు, అఖిలేష్ ముందు చెప్పాను. తప్పు నాదని, పిల్లది కాదని. విద్యావతి విని, కళ్లు తుడుచుకుని, అన్నం వడ్డించింది. హాసిని పీట మీద నాకెదురుగా కూర్చుని స్పూనుతో ఎడమ చేత్తో తిన్నది. సగం కింద పోతోంది. నేను చూస్తూ కూర్చున్నాను.

డిసెంబర్ 2

గ్రూపులో చెప్పాను. మొదటిసారి చెప్పినంత గొంతుతోనే. సాయంత్రానికి నూట అరవైలో నలభై ముగ్గురు వెళ్లిపోయారు.

డిసెంబర్ 4, బుధవారం

కాంటా సరిచేశాం. నేను చెయ్యి పెట్టలేదు, అంజన్ చేశాడు. నేను రాళ్లు అందించాను.

ఆ కాంటా మీదనే పరుపు తూచాం. నేనూ అఖిలేష్ మోసుకుని రోడ్డు మీద పోతుంటే దుకాణాలవాళ్లంతా బయటకు వచ్చి చూశారు. చూడనీ. ఇరవై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు. దూది పరుపు అంత బరువుంటుందని నేననుకోలేదు. ఇన్నేళ్లూ రోజూ పొద్దున విద్యావతి ఇలాంటివి చుట్టి నిలబెట్టింది. ఒక్కనాడు సాయం పట్టలేదు నేను.

అక్కణ్ణుంచి నాంపల్లి పోయాను. స్టేషన్ రోడ్డు మీదుగానే. చెప్పులు బయట విడిచాను. దుర్గేష్ గల్లా వెనకే ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. ఇదివరకు లేచేవాడు.

"పలక ముప్పై రెండు. పరుపు ఇరవై ఆరు నాలుగు వందలు," అన్నాను. "దుప్పట్లు, దిండ్లు ఇంకో నాలుగు వేసుకో. ఏది పెట్టాల్నో నువ్వే చెప్పు."

అతను వ్యాపారం మాట మాట్లాడాడు. "ఎత్తేది ఎవరు?"

"కోడలు."

"కట్టు ఎప్పుడు ఇప్పుతరు?"

"ఇంకో పది రోజులు. అప్పటిదాకా ఎడమ చెయ్యే."

పన్నెండు వందలవి తీశాడు. ఒక జత పక్కన పెట్టి ఇంకో జత తీశాడు. "ఇవి కూడ పన్నెండు వందలే గని మెల్లగ దిగుతయి. చెయ్యి తీసుకునే టైముంటది. పరుపు తీసేసినప్పుడు జర పైకి లేస్తదేమో, ముందలి దిక్కు ఒక గొళ్లెం కొట్టున్రి," అన్నాడు. కాగితం మీద ఎక్కడ బిగించాలో గీసి ఇచ్చాడు.

నేను తప్పయిందని చెప్పబోయాను. "గిరాకీ ఉన్నది సార్, జర జరుగున్రి," అన్నాడు. నా వెనక నిజంగానే ఇద్దరు నిలబడి ఉన్నారు. జరిగాను. అతని దుకాణంలో మళ్లీ గిరాకీ ఉంది కదా అని, అక్కడే నిలబడి కొంచెంసేపు చూశాను.

డిసెంబర్ 5

బిగించాం. పరుపు మీదనే ఉంది. హాసిని ఎడమ చేత్తో ఎత్తింది. మూత నిలబడింది. లోపలికి వంగి రగ్గులు తీసింది. తీస్తున్నంతసేపూ నేను మూత పట్టుకునే నిల్చున్నాను. "వదిలిపెట్టున్రి మామయ్యా, ఆగుతది," అంటే కూడా వదలబుద్ధి కాలేదు.

డిసెంబర్ 9, సోమవారం

వారంలో ఇరవై మంది దాకా తమ కాంటాలు వేరే మెకానిక్‌లకు చూపించుకున్నారట. అంజన్ ఎక్కడెక్కడో విని వచ్చి చెప్పాడు. రాజేందర్‌వి నాలుగూ, నాగరత్నానిదీ. అన్నీ గ్రాముతో సహా సరిగ్గానే ఉన్నాయట. ఉండక ఏం చేస్తాయి, నేనే చేశాను కదా. కానీ ఆ మాట ఇప్పుడు నేను అనడానికి లేదు. వాళ్లు చూపించుకోవడమే న్యాయం.

"దుర్గేష్ ఒక్కడే చూపించుకోలేదు సాబ్," అన్నాడు అంజన్. నన్ను సంతోషపెడదామని.

సంతోషం వేయలేదు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇంకోసారి చేశాను. మూడోసారికి ఎత్తాడు.

"నీ కాంటా వేరేటోళ్లతోని చూపించుకో దుర్గేష్," అన్నాను.

"ఎందుకు సార్? మంచిగనే తూస్తున్నది."

"నీకెట్ల తెలుసు?"

అవతల మేకులు డబ్బాలో పోస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"రేపు చూపించుకుంట సార్," అన్నాడు.